రెండు బస్తాల ఇల్లు

బుధవారం సాయంత్రం కుటుంబ ప్రార్థనలో ఆమెన్ అన్న దగ్గర్నుంచి కాశమ్మ ఆ ఇంటి అన్నం ముట్టలేదు.

ఉపవాసమేమో అనుకునేరు. ఉపవాసాలు కాశమ్మకు కొత్త కాదు. ఈస్టరు ముందు వచ్చే శ్రమదినాల్లో ఏటా చేస్తుంది, చేస్తున్నట్టు నలుగురికీ తెలిసేలానే చేస్తుంది. ఇది మాత్రం అచ్చంగా అలక. పొద్దున్నే పూర్ణా మార్కెట్టు వీధి చివర బండి దగ్గర ఇడ్లీలు తెప్పించుకోవడం, వంటింటి గుమ్మానికి ఎదురుగా చతికిలబడి కోడలు చూస్తుండగా తినడం, ఆకు మడిచి వీధిలో పారేయడం. మధ్యాహ్నం కోడలు కంచంలో అన్నం వడ్డించి, మూత పెట్టి వెళుతుంది. సాయంత్రం దాకా అది అక్కడే ఉంటుంది. సాయంత్రం కోడలే వచ్చి తీసుకుపోతుంది. ఇద్దరి మధ్యా మాట లేదు. కంచం పెట్టిన చప్పుడు, కంచం తీసిన చప్పుడు, అంతే.

శనివారం నాటికి ఇడ్లీలు కూడా సహించడం మానేశాయి. కడుపు కాలుతున్న కొద్దీ కాశమ్మకు కోపం ఎక్కువైంది.

ఎక్కువవదూ మరి? సంఘంలో స్త్రీల సమాజానికి అధ్యక్షురాలు తను. కోటవీధిలో ఏ క్రైస్తవుల ఇంట్లో పురుడొచ్చినా, చావొచ్చినా ముందు కబురొచ్చేది తనకి. గుడికి చాపలు కుట్టించింది తను, క్రిస్మస్‌కి పిల్లల చేత పాటలు పాడించింది తను. అలాంటి తనను, పెళ్ళయి ఆర్నెల్లు తిరగని కోడలు పిల్ల, దేవుడి ముందు నిలబెట్టి వీపు మీద చరిచినంత పని చేసింది. అదీ అసిరమ్మ ఎదురుగా.

అసిరమ్మ ఉపాధ్యక్షురాలు. అధ్యక్షురాలి కుర్చీ మీద ఆవిడకు ఎప్పట్నుంచో చూపుంది. బుధవారం నాడు ఏదో పాటల పుస్తకం కావాలని వచ్చి, ప్రార్థన వేళ అయింది కదా అని కూర్చుండిపోయింది. అందరూ కళ్ళు మూసుకున్నారు. వరసగా ఒకరి తర్వాత ఒకరు పైకి ప్రార్థన చేయడం ఆ ఇంటి ఆనవాయితీ. ముందు కాశమ్మ చేసింది, నిండుగా, పాస్టరుగారి కన్నా పొడుగ్గా చేసింది. తర్వాత మొగుడు అర్జునరావు రెండు ముక్కల్లో ముగించాడు. కొడుకు గురువులు గొణిగాడు. ఆఖరున కోడలు సలోమి మెల్లగా మొదలుపెట్టింది.

"ప్రభువా, మేం తినే బియ్యంలోంచే నీ పిడికెడు తీసీ మనసు మా ఇంటికి ఇయ్యి. మేం తినలేని బియ్యం నీ పేరు సెప్పి ఇంకొకలకి పెట్టకండా మమ్మల్ని సరిసెయ్యి."

ప్రార్థన మధ్యలో అడ్డుపడడానికి లేదు. కళ్ళు తెరిచి ఉరమడానికి లేదు. మాటకు మాట చెప్పాలంటే తన వంతు రావాలి, తన వంతు ముందే అయిపోయింది. కాశమ్మ పళ్ళు బిగబట్టుకుని కూర్చుంది. అందరికన్నా గట్టిగా ఆమెన్ అన్నది అసిరమ్మ.

తెల్లారేసరికి వన్ టౌన్ మొత్తానికి తెలిసిపోయింది.

విషయం ఏమిటంటే, ఆ సంఘంలో ప్రతి ఇల్లాలూ ఎసట్లో బియ్యం పోసేముందు, కొలిచిన బియ్యంలోంచి ఒక పిడికెడు వెనక్కి తీసి, దేవుడి పేరున ఒక డబ్బాలో వేస్తుంది. పొద్దున ఒక పిడికెడు, సాయంత్రం ఒక పిడికెడు. శుక్రవారం సమాజంలో అన్ని డబ్బాలూ ఒక గోనెలో పోస్తారు. ఆ గోనె బైబిలు స్త్రీ గంగాలమ్మ ఇంటికి వెళుతుంది. ఇంటింటికీ తిరిగి ఆడవాళ్ళకు వాక్యం చదివి చెప్పడం, జబ్బు చేసినవాళ్ళ దగ్గర కూర్చోవడం ఆవిడ పని. ఆ బియ్యమే ఆవిడ తిండి.

కాశమ్మ ఇంట్లో బియ్యం బస్తాలు రెండు. పీట మీద ఉన్నది సన్నబియ్యం, ఇంటిల్లిపాదీ తినేది. గోడవార నేల మీద ఉన్నది కంట్రోలు బియ్యం. కార్డుంది గనక తెస్తారు, తెచ్చాక ఎవరూ తినరు. పూటపూటా పిడికెడు తీసే ఓపిక కాశమ్మకు ఎప్పుడో పోయింది. గురువారం సాయంత్రం నేల మీది బస్తాలోంచి తవ్వతో ముంచి, డబ్బా అంచు దాకా పోసి, అరచేత్తో చదును చేస్తుంది. అందరి డబ్బాలూ సగానికి వస్తే ఆవిడది పొంగిపొర్లుతుంది. కిందటేడు వార్షికోత్సవంలో ఆ డబ్బాకు చప్పట్లు కొట్టారు.

మరి ఎవరి డబ్బా గొప్ప? పిడికెళ్ళు లెక్కపెట్టుకునే వాళ్ళదా, నిండుగా ఇచ్చే తనదా? కాశమ్మ ఈ ప్రశ్న తనను తాను అడుక్కుని, జవాబు తనే చెప్పుకుని, మళ్ళీ కోపం తెచ్చుకునేది.

బుధవారం అసిరమ్మ గుమ్మం దాటగానే ఇంట్లో తుఫాను రేగింది. కాశమ్మ అరిచింది. కోడలు తల వంచుకుని నిలబడింది. ఆ నిలబడ్డ తీరు చూసి కాశమ్మకు ఇంకా మండింది. సలోమి తల్లి భీమిలిలో బైబిలు స్త్రీగా ఉండి, పోయి ఏడాది కాలేదు. అది తెలిసే, తగలాలనే, అనకూడని మాట అనేసింది.

"పిడికెడు బియ్యం తిని పెరిగిందానివి. నాకు పిడికెడు బియ్యం సంగతి నేర్పుతావేటి?"

సలోమి ఏడవలేదు. వంటింట్లోకి వెళ్ళి పొయ్యి రాజేసింది. అసిరమ్మను వీధి చివర దాకా దిగబెట్టి వచ్చి, గుమ్మంలో చెప్పులు విప్పుతున్న గురువులు ఆ మాట విన్నాడు. అతనూ ఏమీ అనలేదు. ఇద్దరూ నోరు మూసుకుంటే గెలుపు తనదే అనుకుంది కాశమ్మ. పాస్టరుగారి ముందు కోడలు క్షమాపణ చెబితే తప్ప ఈ ఇంటి అన్నం తిననని ప్రకటించింది. శుక్రవారం తలనొప్పని కబురు పంపి సమాజం ఎగ్గొట్టింది. డబ్బా ఇంట్లోనే ఉండిపోయింది.

శనివారం పొద్దున్న అర్జునరావు డ్యూటీకి బయల్దేరుతూ సైకిలు స్టాండు తీయబోయి ఆగాడు. రేవులో ఓడ సరుకులెత్తే విన్చి నడిపే మనిషి. రోజంతా ఆ చప్పుడులో ఉండి ఇంటికొచ్చి మాట్లాడడం మరిచిపోయిన వాడు. అటువంటివాడు ఆ పూట నోరు తెరిచాడు.

"ఆ పిల్ల సెప్పిన తీరు తప్పు. నాను సెప్పినాను దానికి. మరి సెప్పినదాన్లో తప్పేటుందో నువ్వు నాకు సెప్పు."

 ముప్పై ఏళ్ళ కాపురంలో ఆయన ఇలా ఎదురడిగిన సందర్భం కాశమ్మకు గుర్తు రాలేదు. కోడలు ఇంట్లో అడుగుపెట్టాకే ఈ నోరొచ్చిందని, ముసలితనంలో ఆ పిల్లకు తండ్రి అయిపోయాడని, కట్టుకున్న దాని పరువు నలుగురిలో తీస్తే విన్చి దగ్గర ఇనప స్తంభంలా చూస్తూ నిలబడ్డాడని చెడామడా అంది. ఆయన అంతా విన్నాడు. జవాబు రాలేదు కదా అన్నట్టు ఓ క్షణం చూసి, సైకిలెక్కి వెళ్ళిపోయాడు.

ఆ వెనకే గురువులు వచ్చాడు. స్టీలు ప్లాంటు కట్టే చోట వెల్డింగు పని అతనిది. ఆ వేళ సెలవు పెట్టాడు. ఎందుకు పెట్టాడో కాశమ్మకు అప్పటిదాకా తెలియదు. తల్లి ముందు నేల మీద కూర్చుని, చేతులు చూసుకుంటూ, గాజువాకలో గది చూశానని చెప్పాడు. సాయంత్రం రిక్షా వస్తుంది, బస్టాండుకు వెళ్ళి బస్సెక్కేస్తారు. పనికి దగ్గరవుతుందని చెప్పలేదు. ఆ అబద్ధం చెప్పినా బాగుండేది.

"మరి నాకు సెప్పాల్సిన క్షమాపణ?" అంది కాశమ్మ.

"సెప్తాది. అయ్యగార్ని రమ్మన్నాను. నువ్వు కోరినట్టే ఆయన ముందర సెప్పీసి ఎల్పోతాం." లేచి, గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు. "సచ్చిపోయిన మనిషిని అన్నావమ్మా. ఆవిడ నిన్నేటి సేసింది?"

ఎల్తే ఎల్లండి, నానేటి కాళ్ళు పట్టుకుంటానా అంది కాశమ్మ. అంది గాని, ఒక్కగానొక్క కొడుకు. ఆ ఇంట్లో పొద్దున్నే నీళ్ళు తోడే చప్పుడు వాడిది. సాయంత్రం కమిలిన చేతులకు కొబ్బరినూనె రాయించుకునేది తన చేతనే. కోపం ఒకవైపు, గుండె దడ ఒకవైపు. దడ కన్నా కోపమే నయమనిపించి కోపాన్నే పట్టుకుంది. కోడలు క్షమాపణ చెబుతుంది సరే, లోపల తప్పు తనది కాదనుకుంటూనే చెబుతుంది. అలా కుదరదు. తన బియ్యం బాగానే ఉందని పాస్టరుగారి ముందు సాక్ష్యం పడాలి. ఆ బియ్యం తింటున్న మనిషే చెప్పాలి. అప్పుడు కొడుకు కళ్ళు తెరుచుకుంటాయి, సామాను కట్టడం మానేస్తాడు, ఇంట్లోనే ఉంటాడు.

మిట్టమధ్యాహ్నం ఎండలో గొడుగేసుకుని గంగాలమ్మ ఉండే చెంగల్రావుపేట బయల్దేరింది.

దారి పొడుగునా మండిపడుతూనే నడిచింది. హోల్‌సేలు కొట్ల ముందు బస్తాలు దించుతున్న వాళ్ళ మీద, సందులో ఎదురొచ్చిన తోపుడుబండి మీద, పలకరించిన మనిషి నవ్విన తీరు మీద. అంతా తన సంగతే చెప్పుకుంటున్నారని ఆమె నమ్మకం. నిజానికి బస్తాలు దించేవాళ్ళకు కాశమ్మ ఎవరో కూడా తెలియదు.

గంగాలమ్మది ఒంటి గది. అప్పుడే గంజి వార్చి, కంచం ముందు పెట్టుకుని కళ్ళు మూసుకుంది. కాశమ్మను చూసి సంబరపడిపోయింది. వేళకొచ్చిన మనిషిని తిననివ్వకుండా పంపే అలవాటు తనకు లేదని, చెయ్యి పట్టి కూర్చోబెట్టి, ఉన్న ఒక్క కంచమూ ఆమె ముందుకు జరిపి, తనకు గిన్నెలో పెట్టుకుంది. చింతచిగురు, ఎండురొయ్యల కూర. కాశమ్మ వద్దనబోయింది. కాని బుధవారం నుంచి కడుపులో సరైన ముద్ద పడలేదు. కూర వాసనకు నోరూరింది.

మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది.

కూర బాగుంది. కింద అన్నం ముక్కిన వాసన వేసింది. ముద్ద నమిలితే సాగింది, మింగితే గొంతులో పట్టింది. రెండో ముద్దలో పంటి కింద రాయి పడింది. కాశమ్మ కంచంలోకి చూసింది. లావుపాటి, పసుపుపచ్చ గింజ. ప్రతి గురువారం తవ్వతో ముంచే గింజ. చేత్తో చదును చేసిందే గాని ఇన్నేళ్ళలో ఆ గింజ వండి చూడలేదు.

"అన్నంలో నిమ్మాకు ఏసినావా అప్పా?" అని అడిగింది, ఏదో ఒకటి అడగాలి గనక.

"ఏస్తానమ్మా. వాసన కొంచెం సంపుతాది. నాలుగు నీళ్ళు కడిగి, సేటలో రెండుసార్లు సెరిగీసి, ఆకేసి వారిస్తే బాగానే ఉంటాది." గంగాలమ్మ ఫిర్యాదు చేయడం లేదు. వంట సంగతి చెబుతోంది.

అన్ని ఇళ్ళ బియ్యమూ ఇలాగే ఉంటుందా అని కాశమ్మ అడిగింది.  గంగాలమ్మ గిన్నెలో ముద్ద కలుపుతూ, గోనెలో అన్నీ కలిసిపోతాయి కదా అంది. కొన్ని వారాలు బాగుంటుంది, ఎక్కువ వచ్చిన వారాలు ఇలా ఉంటుంది, ఇది కిందటి వారంది.

ఎక్కువ వచ్చేది ఎవరి డబ్బా వల్లో కాశమ్మకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

"ఏ ఇంటిదో అడగొచ్చు కదా."

"అడగను. అడిగితే తెలిసిపోతాది. తెలిసిపోతే, ఆ ఇంటి కోసం ప్రార్థన సేసినప్పుడల్లా నాకు బియ్యం గుర్తొస్తాది." గంగాలమ్మ నవ్వింది. "తినమ్మా, సల్లారిపోతంది."

కాశమ్మ తిన్నది. నాలుగో ముద్ద దిగలేదు, నీళ్ళతో దింపింది. కంచంలో మెతుకు వదిలితే ఆవిడ చూస్తుంది. సాక్ష్యం మాట నోటి దాకా వచ్చి ఆగిపోయింది. ఎందుకొచ్చావని గంగాలమ్మ అడిగితే, ఊరికే చూసిపోదామని వచ్చానంది. గంగాలమ్మ ఆమె తల మీద చెయ్యి పెట్టి, ఇంటిల్లిపాదినీ పేరుపేరునా తలుచుకుని ప్రార్థన చేసింది. కోడలి పేరు మరీ ప్రేమగా తలుచుకుంది.

తిరుగుదారిలో కాశమ్మ కోపం పోయిందనుకుంటే పొరపాటు. ఇంకా ఎక్కువైంది. కంట్రోలు బియ్యం అమ్మేవాడి మీద మండింది. ఇన్నేళ్ళుగా ఒక్క మాట చెప్పని గంగాలమ్మ మీద మండింది. ఒక్కసారి, చాటుగా పిలిచి, కాశమ్మా, నీ బియ్యం బాగోనేదే అని చెప్పకూడదా? చెబితే మార్చుకోనా? ఈ బియ్యం తిని, నవ్వి, తల మీద చెయ్యి పెట్టి దీవిస్తే మనిషికి ఎలా తెలుస్తుంది?

పూర్ణా మార్కెట్టు దగ్గరికొచ్చేసరికి ఆ వాదన ఆమెకే నిలవలేదు. చెప్పిన మనిషి ఒకతె ఉంది. ఆమెను ఏమన్నదో గుర్తొచ్చింది.  ఎండ తగ్గినా గొడుగు ముడవడం మరిచి ఇంటి దాకా అలాగే వచ్చింది.

పాస్టరుగారు అప్పటికే వసారాలో కుర్చీలో ఉన్నారు. అర్జునరావు డ్యూటీ నుంచి వచ్చి, మొహం కడుక్కుని నిలబడ్డాడు. నడవాలో ఒక ట్రంకుపెట్టె, కుండల మూట, తాళ్ళు బిగించిన పక్కచుట్ట. పక్కచుట్ట మీద గురువులు కూర్చున్నాడు. కొడుకు పెళ్ళికి తను కుట్టించిన పరుపే అది. సలోమి తల దువ్వుకుని, ప్రయాణం చీర కట్టుకుని, గోడకానుకుని ఉంది.

పాస్టరుగారు పెద్దమనిషి. ఎవరినీ నొప్పించకుండా మాట్లాడాలనే తాపత్రయంలో ముందు వాతావరణం గురించి, తర్వాత రేపు గుడిలో రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభుబల్ల గురించి మాట్లాడారు. మనసులో ఒకరి మీద ఒకరు పెట్టుకుని బల్ల దగ్గరికి రాకూడదు కదమ్మా అన్నారు. అప్పుడు కోడలి వైపు తిరిగి, ప్రార్థన అనేది దేవుడితో మాట్లాడడానికి గాని, ఎదురుగా ఉన్న మనిషికి వినిపించడానికి కాదని నెమ్మదిగా మందలించారు.

కాశమ్మ ఎదురుచూసిన ఘడియ ఇదే. బుధవారం నుంచి కాలే కడుపుతో ఎదురుచూసింది.

సలోమి వచ్చి అత్తగారి ఎదుట నేల మీద కూర్చుంది. తల వంచలేదు, మొహంలోకి చూసింది.

"అత్తా, నీతో సెప్పాల్సిన మాట దేవుడితో సెప్పినట్టు సెప్పినాను. నీతో సెప్పడానికి దైర్యం సాలనేదు. అసిరమ్మగారు ఉన్నారని తెలిసీ సెప్పినాను. అది తప్పు. నన్ను క్షమించు."

'కానీ' వస్తుందని కాశమ్మ కాచుకుంది. కానీ మీరు కూడా, కానీ ఆ బియ్యం మాత్రం, కానీ మా అమ్మని. ఏదీ రాలేదు. చెప్పాల్సింది అయిపోయినట్టు ఆ పిల్ల ఊరుకుంది. మందలిస్తే ఇంత తేలిగ్గా ఒప్పేసుకోవచ్చా? ఎక్కడ నేర్చుకుంది ఇది? తన జన్మలో 'కానీ' లేని క్షమాపణ తనెవరికీ చెప్పలేదని కాశమ్మకు అప్పుడు తట్టింది. తట్టి, కోడలి మీద ఒళ్ళు మండింది. గెలిచిన మనిషికి ఇంత చిన్నతనంగా ఎందుకుండాలి?

పాస్టరుగారికి గుండె బరువు దిగింది. అత్తగారు క్షమించానని ప్రార్థన చేస్తే ముగించుకుందాం అన్నారు. అందరూ కళ్ళు మూసుకున్నారు.

ఒక్క మాట చాలు. ఆ ఒక్క మాటతో కోడలి తప్పు కోడలిది అయిపోతుంది, బియ్యం సంగతి ఎవరూ ఎత్తరు, రేపు బల్ల దగ్గర మొదటి వరసలో కూర్చోవచ్చు. కాశమ్మ చేతులు జోడించింది. ప్రభువా అంది.  బయట కాకులు అరుస్తున్నాయి. గురువులు పక్కచుట్ట మీద కదిలాడు.

"కాదయ్యగారూ," అంది. "కళ్ళు తెరవండి. ఇది కళ్ళు మూసుకుని సెప్పే మాట కాదు."

పాస్టరుగారు కంగారుగా తెరిచారు.

"మద్దేనం గంగాలమ్మప్ప ఇంట్లో అన్నం తిన్నాను. నా బియ్యమే. నాలుగో ముద్ద దిగనేదు. మా ఇంట్లో ఎవులూ తినని బియ్యమని నాకు తెలుసు, తెలిసే పోసినాను. డబ్బా నిండుగా అవుపించాలని పోసినాను." ఊపిరి తీసుకుంది. "సలోమీ, నువ్వన్నది నిజం. నాను నీ తల్లిని అన్న మాట..." ఆ మాట ఎలా పూర్తి చేయాలో తెలియక, కోడలి చెయ్యి పట్టుకుని, "నాను అనకూడదు," అంది.

స్తోత్రం అన్నారు పాస్టరుగారు. అర్జునరావు తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ గోడవైపు తిరిగాడు. కాశమ్మకు ఒళ్ళు తేలికైంది. ఎంత మాట చెప్పింది తను. సంఘంలో ఇంకెవరు చెబుతారు ఇలా? అసిరమ్మ చెబుతుందా? ఏడవలేదు గాని ఏడిస్తే బాగుండేదనిపించింది. ఇక కోడలు ఒళ్ళో తల పెట్టుకుంటుందని, కొడుకు తాళ్ళు విప్పుతాడని, మూత తీసిన కంచం ముందుకొస్తుందని చూసింది.

సలోమి చెయ్యి వెనక్కి తీసుకోలేదు. కళ్ళల్లో నీళ్ళున్నాయి. 

"మా అమ్మ మాట నాకు సెప్పినావు, సాలత్తా. బియ్యం మాట నాకు కాదు సెప్పాల్సింది. ఆ బియ్యం నాను తిన్లేదు కదా. తిన్నావిడకి సెప్పాల."

గుప్పుమని మళ్ళీ మండింది కాశమ్మకు. ఇంత చెప్పాక ఇంకానా? పాస్టరుగారి ముందు, మొగుడి ముందు, కన్నకొడుకు ముందు చెప్పాక, ఈ పిల్లకు ఇంకా చాలదా? వేలు పట్టుకుంటే మోచెయ్యి లాగుతోందే. చెబితే గంగాలమ్మకు తెలిసిపోతుంది. తెలిసిపోతే ఆవిడ తన కోసం చేతులు జోడించినప్పుడల్లా ముక్కిపోయిన బియ్యం గుర్తొస్తుంది. జీవితాంతం. నోరు తెరిచింది. అనదలుచుకున్న మాటలన్నీ నాలిక మీదికి వచ్చి వరస కట్టాయి. ఆవిడ నిన్నేటి సేసిందని పొద్దున్న కొడుకు అడిగిన ప్రశ్నకు తను జవాబు చెప్పలేకపోయిన సంగతి వాటికి అడ్డం పడింది.

అర్జునరావు ఇటు తిరిగాడు. 

కాశమ్మ లేచింది.  డబ్బాలో ఉన్న కంట్రోలు బియ్యం నేల మీది బస్తాలోకి వంపేసి, పీట మీది బస్తా మూతి విప్పి, సన్నబియ్యం డబ్బా నిండా పోసి, ఒక క్షణం ఆగి, అరచేత్తో చదును చేయబోయి మానేసింది. కొంగులో డబ్బా పెట్టుకుని గుమ్మంలోకొచ్చి చెప్పులు వేసుకుంది. మొహం ఇంకా కోపంతో ఎర్రగానే ఉంది.

"నువ్వూ రా," అంది కోడల్ని చూడకుండానే. "ఒక్కదాన్నయితే మలుపు కాడ తిరిగొచ్చీసి, సెప్పీసినానని అబద్ధం సెప్తాను. నా సంగతి నాకు తెలుసు."

సలోమి లేచి నిలబడి మొగుడి వైపు చూసింది. గురువులు పక్కచుట్ట మీంచి లేవలేదు. బస్టాండుకు తీసుకెళ్ళాల్సిన రిక్షావాడు వచ్చి, వీధిలో గంట కొడుతున్నాడు.